రెండు ఇడిసి, ఒకటి పెట్టు

మా నాయినకు కుట్టుపనిని పరిచయం చేసింది డాక్టరు. కుట్టింది కూడా నాయిన చేతినే.

అంతకుముందు మా ఇంట్లో కుట్టు అంటే అమ్మ వ్యవహారం. మేడ్చల్ బస్టాండు వెనక సందులో మాది రెండు గదుల ఇల్లు. ముందుగది కిటికీ కింద అమ్మ మిషను ఉండేది. సందులోని ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల స్కూలు గౌన్లు అన్నీ దాని మీదనే పుట్టేవి. నాయినకు కూడా దారంతోనే పని, కాకపోతే ఆ దారం వేరు. జీడిమెట్లలో ఒక చిన్న ఇంజనీరింగు కంపెనీలో ఆయన లేతు మిషను మీద ఉండేవాడు. ఇనుప కడ్డీలకు మరలు కోసేవాడు. ఆ మరలను వాళ్ళు థ్రెడ్డు అంటారు. అమ్మది నూలు దారం, తనది ఇనుప దారం, నడుమ నేను ముడిని అని నవ్వేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. నేను ముట్టుకున్న దారం ముడిపడకుండా ఉండేది కాదు. ముడిసరుకు అంటే ఏమిటో బళ్ళో చెప్పకముందే నాకు ఇంట్లో తెలిసింది.

తొంభైల చివర్లో, నేను ఆరో తరగతికి వచ్చిన ఎండాకాలం, ఆ ఇనుప దారమే నాయిన మీద తిరగబడింది. ఇనుము చెక్కుతుంటే రిబ్బనులాగా మెలికలు తిరుగుతూ లేచే పదునైన చుట్ట ఒకటి ఆయన కుడి అరచేతిని కోసుకుంటూ పోయింది. డాక్టరు కుట్లు వేశాడు. కుట్లు విప్పాక చూస్తే వేళ్ళు ఐదూ ఉన్నాయి గాని మూడు వంగడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ చెప్పిన మాట వింటున్నాయి. మిగతా మూడూ ప్రార్థనలో నిలబడ్డ బడిపిల్లల్లా నిటారుగా ఉండిపోయాయి.

కంపెనీ సూపర్‌వైజరు చూడటానికి ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. దసరాకు కంపెనీలో మిషన్లకు పూజ చేస్తారు, అప్పటిదాకా నీ మిషను మీద వేరే మనిషిని పర్మనెంటుగా పెట్టనివ్వను అన్నాడు. దసరాకు పిడికిలి మూసుకుంటే మిషను నీదే. మూసుకోకపోతే కూడా పరేషాన్ గావద్దు, గేటు దగ్గర కూర్చునే పని ఒకటి ఖాళీగా ఉంది అన్నాడు. మేలు కోరే అన్నాడు. కానీ గేటు అన్న మాట విన్నాక నాయిన చేతిలోని చాయ్ చల్లారిపోయింది. చెయ్యి తిప్పితే ఇనుము మీద వెంట్రుకవాసి మందం తేడా పట్టేవాడు ఆయన. వచ్చేపోయే లారీలకు గేటు తెరవడం తప్పు పని కాదని ఆయనకూ తెలుసు. అది తన పని కాదని మాత్రం ఇంకా బాగా తెలుసు.

ఆ రోజునుంచి మా ఇంట్లో అందరం నోళ్ళు మూసుకుని, నాయిన చెయ్యి మూసుకుంటుందా లేదా అని చూస్తూ ఉన్నాం.

అమ్మకు మిషను పని, నాయిన పని, నా బడి పని అన్నీ ఒక్కచేతి మీద పడ్డాయని శామీర్‌పేట దగ్గరి ఊరినుంచి అవ్వ వచ్చింది. అవ్వ అంటే మా అమ్మ తల్లి. కూతురింట్లో ఉత్తచేతులతో తినకూడదని తన పొలం బియ్యం తానే మూట కట్టుకుని, పచ్చడి జాడీ పట్టుకుని బస్సు దిగింది. ఆ మూటలోనే అడుగున ఒక గుడ్డసంచి ఉంది. అందులో తెల్లదారం ఉండలు, మూడు ఇనుప కొక్కేలు. వయసులో ఉన్నప్పుడు ఊరి ఆస్పత్రికి వచ్చిన నర్సమ్మ దగ్గర ఆ అల్లిక నేర్చుకుందట. పొలం పనులు లేని రోజుల్లో అవ్వ చెయ్యి ఊరికే ఉండేది కాదు.

అవ్వ రావడం మాకు పండగే. ఒక్కటే చిక్కు. మా వైపు పాత ఇళ్ళలో అత్త అల్లుడి ఎదుట పడదు. ఎదురుగా కూర్చోదు, నెత్తిన కొంగు లేకుండా కనబడదు, నేరుగా మాట్లాడదు. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే నడుమ ఒక మనిషి ఉండాలి. మనిషి లేకపోతే గోడ ఉండాలి, గోడ కూడా దొరక్కపోతే కోడి ఉండాలి. "ఓ కోడీ, అన్నం సల్లారుతాందని జెప్పరాదే ఎవలన్న" అంటుంది అత్త. అల్లుడు లేచి చేతులు కడుక్కుంటాడు. ఇది కోపం కాదు, పంతం కాదు. మర్యాద.

ఈ మర్యాద నాలుగంకణాల ఇంటికి సరిపోతుందేమో గాని రెండు గదుల ఇంటికి చాలా పెద్దది. ముందుగది నాయినది, వెనకగది అవ్వది, నడుమ పూలపూల కర్టెన్. వెనక దొడ్లోకి పోవాలంటే నాయిన అవ్వ గదిలోంచే పోవాలి. అందుకని ఒకసారి దగ్గేవాడు. అవ్వ పొయ్యివైపు తిరిగేది. ఆయన దాటేవాడు. వచ్చేటప్పుడు మళ్ళీ దగ్గేవాడు. పరామర్శకు వచ్చిన చుట్టాలు చెయ్యి తెగితే దగ్గు ఎందుకు వస్తుందని మా అమ్మను చాటుగా అడిగేవాళ్ళు.

ఆ కర్టెన్‌కు అటూ ఇటూ నాది తపాలా ఉద్యోగం. అవ్వ చెప్పింది నాయినకు, నాయిన చెప్పింది అవ్వకు మోసేదాన్ని. మోసేదాన్నే గాని మోసం చేసేదాన్ని కాదు. తమాషా ఏమిటంటే అవ్వ మాట నాయినకు మొదటిసారే వినబడేది. గదులు అంత పెద్దవేం కాదు. అయినా ఆయన విననట్టే కూర్చుని, నేను వచ్చి చెప్పాకనే తలూపేవాడు. స్టాంపు పడని ఉత్తరం చదవకూడదన్నట్టు.

డాక్టరు వేళ్ళ కోసం మెత్తటి రబ్బరు బంతి పిసకమన్నాడు. నాయిన కొన్నాళ్ళు పిసికాడు. తర్వాత ఆ బంతి నాకు దొరికింది. నా తర్వాత మురుగు మోరీకి దొరికింది. మళ్ళీ చూపించడానికి పోతే డాక్టరు బంతి సంగతి అడగలేదు గాని, ఊరికే పిసకడం కాదు, మనసు పెట్టి చేసే సన్న పని ఏదైనా చేస్తే వేళ్ళు దారికొస్తాయి అన్నాడు. అమ్మ వెంటనే ఒక జాకెట్టు తెచ్చి చేతికుట్టు వెయ్యమంది. సూది నాయిన వేళ్ళ మధ్య నిలబడలేదు. జారి పడింది. ఇంటిల్లిపాదీ చాప దులిపి, బొంత దులిపి సూది కోసం సోదా చేశాం. అది చివరికి నా అరికాలికి దొరికింది.

నా ఏడుపు ఆగాక కర్టెన్ వెనకనుంచి అవ్వ, సూది సన్నం, ఆ చేతికి పట్టు దొరకదు, నా కుర్సియ తీసుకపోయి ఇయ్యి అంది. నేను పోయి కుర్చీ తెచ్చాను. మా ఇళ్ళలో కుర్చీని కుర్సి అంటారు మరి. నాయిన ఎదుట కుర్చీ వేసి, అవ్వ నిన్ను దీని మీద కూర్చోమంటాంది అని చెప్పాను. ఆయన చాపమీదనుంచి లేచి, అర్థం కాకపోయినా అత్త మాట కాదనకూడదని కూర్చున్నాడు. లోపల అవ్వ నవ్వు ఆపుకోలేక పొరబోయి దగ్గింది. ఆ ఒక్క రోజు మాత్రం మా ఇంట్లో దగ్గు అటువైపునుంచి వచ్చింది. కుర్సియ అంటే క్రోషియా, ఆ ఇనుప కొక్కెం.

నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలుపు గొళ్ళెం పెట్టమన్నాడు. మగమనిషి అల్లుతున్నాడని సందు అంతా తెలియడం ఆయనకు ఇష్టం లేదు. గొళ్ళెం పడ్డాక చదువు మొదలైంది. మొదట గొలుసు. దారాన్ని కొక్కేనికి తగిలించి ముందటి ఉచ్చులోంచి లాగడం, మళ్ళీ తగిలించి మళ్ళీ లాగడం. కొక్కెం సూదికంటే లావు, దాన్ని గుప్పెట్లో పట్టుకోవాలి, గుప్పెట్లో పట్టుకోవాలంటే ఆ మొండి వేళ్ళు మూడూ ఎంతో కొంత వంగాలి. అవ్వ ఆలోచన అదే. గొలుసు తర్వాత నిలువు కుట్టు. దాన్ని అవ్వ గుంజ అనేది. పందిరికి గుంజలు పాతినట్టు గొలుసు మీద వరసగా ఒక్కొక్క గుంజ పాతుకుంటూ పోవాలి.

లేతు మనిషి కదా, నాయిన గుంజలన్నీ ఒకే ఎత్తు రావాలని పట్టుబట్టాడు. తన స్టీలు స్కేలు తీసి కొలిచేవాడు. ఒక గుంజ పొట్టిగా ఉంటే వరస మొత్తం విప్పేసేవాడు. కర్టెన్ సందులోంచి ఇదంతా చూస్తున్న అవ్వ, "పిల్లా, అది బట్ట, బోల్టు గాదని జెప్పు మీ నాయినకు" అంది. నేను చెప్పాను. ఆయన తలూపి, స్కేలు పక్కన పెట్టి, నేను అటు తిరగగానే మళ్ళీ తీశాడు.

నన్ను కూడా నేర్చుకోమన్నారు. అవ్వ దగ్గర ఇంకో కొక్కెం ఉంది. నాకు గొలుసు వచ్చింది. గొలుసు తప్ప ఏదీ రాలేదు. గుంజ పాతబోతే ముడి పడేది, ముడి విప్పబోతే గొలుసు ఊడేది. అందుకని నేను నాకు తెలిసిన విద్యనే సాగదీసుకుంటూ పోయాను. నా గొలుసు మిషను కాలి దగ్గర మొదలై, గది దాటి, కర్టెన్ కిందినుంచి దూరి, దొడ్డి తలుపుదాకా పోయింది. ఆ ఇంట్లో అత్తకూ అల్లుడికీ నడుమ అడ్డం లేకుండా తిరిగింది అదొక్కటే. చివరికి అమ్మ దాన్ని రెండు మేకులకు కట్టి చేతిరుమాళ్ళు ఆరేసింది. నా చేతిపని నలుగురికీ పనికివచ్చిందని నేను గర్వపడ్డాను.

వానలు మొదలయ్యేసరికి ఆ సాయంత్రాలకు మేం అలవాటుపడ్డాం. అమ్మ మిషను తొక్కుతుండేది. కరెంటు పోతే మిషను కిటికీ దగ్గరికి ఇంకొంచెం జరుపుకునేది. నాయిన చాప మీద కాళ్ళు చాపుకుని అల్లేవాడు. కర్టెన్ అవతల అవ్వ అల్లేది. నేను నడుమ గడప మీద ఒక కాలు ఇటు, ఒక కాలు అటు. మాటలు తక్కువ. ఎవరన్నా ఒకరు దారం ఉండ అందుకోమంటే దొర్లించడం, అంతే. కష్టకాలం అని ఇప్పుడు లెక్కవేస్తే తెలుస్తుంది గాని అప్పుడు నాకది తెలియదు. ఇంటిల్లిపాదీ ఒకేచోట కూర్చుని తలా ఒక పని చేసుకోవడంలో ఒక వెచ్చదనం ఉంటుంది. నేను దాన్నే చూశాను.

ఒక రోజు పొద్దున నాయిన చాయ్ గ్లాసును కుడిచేత్తో ఎత్తాడు. నడిమివేలు గ్లాసు చుట్టూ వంగింది. అమ్మ ఆ పూట కుట్టిన జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది.

అక్కడిదాకా బాగానే ఉంది. ఉంగరంవేలూ చిటికెనవేలూ మాత్రం కదలలేదు. దసరా దగ్గరపడుతోంది. కంపెనీనుంచి ఒక పనివాడు వచ్చి, నాయిన మిషను మీద కొత్త కుర్రవాణ్ణి పెట్టారని, బాగానే చేస్తున్నాడని చెప్పిపోయాడు. అవ్వ అప్పుడే నాయినకు కొత్త పాఠం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ గుంజ పక్కన గుంజ పాతి గట్టిగా అల్లించింది. ఇప్పుడు మధ్యలో జాగాలు వదిలి కిటికీ జాలిలాగా అల్లించాలి. జాలి అల్లాలంటే చిన్నవేళ్ళతో దారాన్ని బిగించి పట్టుకోవాలి, అవి పని చేయక తప్పదు. జాలి రావాల్సింది బట్టలో. నాయిన మొహం చూస్తే అది మాలో ఎక్కడ కనబడుతుందోనని భయపడుతున్నట్టుండేది.

ఆ సాయంత్రం అవ్వ, రెండు గొలుసులు ఇడిసి ఒక గుంజ పెట్టుమను అని చెప్పింది. నేను మోసుకొచ్చాను. నాయిన ఒకటి వదిలి పెట్టాడు. తప్పు. విప్పాడు. ఈసారి మూడు వదిలాడు. అదీ తప్పు. మళ్ళీ విప్పాడు. చిటికెనవేలి మీదినుంచి దారం జారుతూనే ఉంది. నుదుటిమీద చెమట. అమ్మ మిషను జోరుమీదుంది, ఆ సాయంత్రానికే ఇవ్వాల్సిన జాకెట్టు ఏదో. కర్టెన్ అవతలనుంచి అవ్వ మాటను కుదించి, గొంతు పెంచి, రెండుసార్లు అంది.

"ఇడిసి పెట్టుమను, పిల్లా. ఇడిసి పెట్టుమను."

ఇడవడమంటే వదలడం. ఇడిసి, పెట్టు అంటే వదిలి, పెట్టు. ఆ రెండు మాటల నడుమ అవ్వ ఒక గొలుసంత జాగా వదిలే ఉంటుంది. అమ్మ మిషను చప్పుడు ఆ జాగాను కుట్టేసింది. నాయిన చెవికి అది ఒకే మాటగా చేరింది. ఇడిసిపెట్టు. వదిలెయ్. నీతో కాదు.

నేను నోరు తెరిచేలోపే ఆయన కొక్కేన్ని దారం ఉండకు గుచ్చి గూట్లో పెట్టాడు. ఎప్పుడూ నా ముద్ర పడేదాకా ఆగే మనిషి ఆ రోజు ఆగలేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

తర్వాత ఆయన ఆ గూడు వైపు చూడలేదు. పొద్దంతా మా ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. సందులో ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అని చూసేవాడు. గేటు ఉద్యోగానికి అలవాటు పడుతున్నాడని మాకు అర్థమైంది. మా ఇంటికి గేటు లేదన్నదే తేడా. గ్లాసు మళ్ళీ ఎడమచేతికి మారింది. అవ్వకు ఏమీ అర్థం కాలేదు. అల్లుడికి చెయ్యి నొస్తోందేమో, అడుగుమని నన్ను పంపింది. అడిగాను. ఏమీ లేదన్నాడు. ఆ జవాబును ఉన్నదున్నట్టు చేరవేశాను.

చివరికి అమ్మ మిషను ఆపి అరుగు మీదికి పోయి కూర్చుంది. గదువ కింద చెయ్యి పెట్టుకుని, దసరా ఇంక ఎన్నాళ్ళో లేదు, ఎందుకు బంద్ జేసినవ్ అని అడిగింది. నాయిన సందువైపే చూస్తూ, "మీ అమ్మనే ఇడిసిపెట్టుమన్నది. నేర్పెటామెకే ఆశ లేకుంటె ఇగ నేనేం జేద్దు" అన్నాడు.

అమ్మ లోపలికి వచ్చి అవ్వను నిలదీసింది. అవ్వ ముందు తెల్లబోయింది. నేనెందుకంట, ఎప్పుడన్న, అని తన మాటలన్నీ వెనక్కి తవ్వుకుంది. తర్వాత అర్థమైంది కాబోలు, చేతిలోని చాట కింద పెట్టింది. అమ్మ తాను పోయి చెప్తానంది. నేను అప్పటికే లేచి నిలబడ్డాను, అది నా ఉద్యోగం కదా. అవ్వ ఇద్దరినీ ఆపింది. నా మాట తప్పు పోయింది, నేనే సక్కజేసుకుంట అంది.

అవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. కర్టెన్ జరిపి ముందుగదిలోకి వచ్చింది. గూట్లోనుంచి కొక్కెం, దారం తీసుకుని గడప దగ్గరికి పోయి నిలబడింది. నాయిన చప్పున లేచి, అలవాటుగా దగ్గాడు. అవ్వ పక్కకు తిరగలేదు. గడపకు ఇవతల నేల మీద కూర్చుంది. కూర్చోమని ఆయనకు చేత్తో సైగ చేసింది. ఆయన అమ్మవైపు చూశాడు, నావైపు చూశాడు. మేమిద్దరం సాయం చేసే స్థితిలో లేము. గడపకు అవతల తానూ కూర్చున్నాడు.

అవ్వ ఆయన సగంలో వదిలిన అల్లికను ఒళ్ళో పరిచి, వేలితో జాగా చూపించింది.

"నేను ఇడిసిపెట్టుమనలే, అయ్యా. ఇడిసి, పెట్టుమన్న. రెండు ఇడిసి, ఒకటి పెట్టుమన్న. ఇడువకుంటె జాలి రాదు. పెట్టకుంటె బట్టనే రాదు."

నాయినకు ఆ మాట దిగడానికి కొంచెంసేపు పట్టింది. ఆయన అల్లికను చూస్తూ ఉన్నాడు. నేను ఆ మాటను తిరిగి చెప్పాలేమోనని చూశాను, ఎవరూ నన్ను అడగలేదు. పెళ్ళయి అన్నేళ్ళలో ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాటలు అవి. ఆయన కూడా నేరుగానే అడిగాడు.

"చెయ్యి ఒస్తదంటరా, అత్తమ్మా?"

"నాకేమెరుక? నేను డాక్టర్ను గాదు" అంది అవ్వ. "నేనొచ్చిన నాటికంటె ఇయ్యాల జర ఎక్కువ వంగుతాంది. నేను సూసింది గంతే."

అబద్ధపు ధైర్యం చెప్పలేదు. నాయిన చెయ్యి చాపాడు. ఆమె కొక్కెం ఇచ్చింది. రెండు వదిలి ఒకటి పెట్టాడు. మళ్ళీ రెండు వదిలి ఒకటి. అమ్మ చాలాసేపు మిషను తొక్కలేదు.

ఆ రోజునుంచి మా ఇంట్లో కొత్త మర్యాద ఒకటి పుట్టింది. కుర్సియ చేతిలో ఉంటే అవ్వ గురువు. ఎదురుగా కూర్చుంటుంది, నేరుగా మాట్లాడుతుంది, తప్పు అల్లితే మొహమాటం లేకుండా విప్పిస్తుంది. కుర్సియ కింద పెడితే అత్త. మళ్ళీ కొంగు, మళ్ళీ కర్టెన్, మళ్ళీ నేను. నా ఉద్యోగం సగం పోయిందని బాధ పడాల్సింది గాని, ఖాళీ దొరికిన ఆ సగంలో నేను ఎలాగో ఒక గుంజ పాతడం నేర్చుకున్నాను. ఒకటే. రెండోది మాత్రం ముడే.

గొళ్ళెం సంగతి కూడా తేలిపోయింది. కొత్త కాలనీలో ఉండే ఒక ఆంటీ జాకెట్టు కోసం వచ్చింది. కోస్తా వైపునుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబం వాళ్ళది. టీవీ మీద కప్పిన తెల్లటి జాలి గుడ్డ చూసి పట్టుకుని వదల్లేదు. ఎంత బాగుందండీ, ఎవరల్లారండీ అని అడిగింది. అమ్మ తడబడి, మా అమ్మ అనబోతోంది. నాయిన అల్లికను దిండు కింద తోసేశాడు. వెనకగదిలోంచి అవ్వ తీరిగ్గా, "ఎవలల్లుతరమ్మా? ఇంట్ల అల్లుడుండంగ" అంది.

ఆంటీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. నాయినా నవ్వాడు, దిండు కిందినుంచి తీసి చూపించాడు కూడా. తమ ఇంట్లో దేవుడి పటం కిందికి అలాంటిదే కావాలని అడిగితే, నెమలి వేస్తానని మాట ఇచ్చాడు. నెమలి అన్నాడు గాని వచ్చింది కోడి. దసరా పోయాక చేతికిస్తే, ఆంటీ దాన్ని నెమలనే అందరికీ చెప్పిందట. మంచి మనిషి.

దసరానాటికి మా ఇంట్లో కప్పని వస్తువు లేదు. టీవీ, రేడియో, మంచినీళ్ళ బిందె, గడియారం, నా కంపాస్ పెట్టె. పక్కింటి బర్రె కూడా మా వాకిలి ముందునుంచి జర తొందరగానే నడిచేదని అమ్మ అనేది. ఉంగరంవేలు వంగింది. చిటికెనవేలు సగం వంగి ఆగింది. అది ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది. చాయ్ గ్లాసు పట్టుకున్నప్పుడు కాస్త పైకి లేచి ఉంటుంది, చాయ్‌ని ఎవరికో చూపిస్తున్నట్టు.

ఆ పనికి కృతజ్ఞత ఎవరికి చెప్పాలో నాకు చాలాకాలం తేలలేదు. కుట్లు వేసిన డాక్టరుకు చెప్పాలి, మాట నిలబెట్టుకున్న సూపర్‌వైజరుకు చెప్పాలి. ఊరికి వచ్చి, ఎవరో పల్లెటూరి ఆడపిల్లను కూర్చోబెట్టి కొక్కెం పట్టించిన ఆ పేరు తెలియని నర్సమ్మకు తప్పకుండా చెప్పాలి. ఆమె చేతిలోనుంచి అవ్వ చేతికి, అవ్వ చేతిలోనుంచి నాయిన చేతికి ఆ దారం వచ్చింది. నా చేతికి వచ్చేసరికి ముడిపడింది గాని, తెగలేదు. రెండువేల సంవత్సరం దాటి చాలా ఏళ్ళు నాయిన సెలవు రోజున బస్సెక్కి శామీర్‌పేట దగ్గరి ఆ ఊరికి పోయేవాడు. టిఫిను సంచిలో అల్లిక ఉండేది. అత్తగారింటికి పోయే అల్లుళ్ళు మర్యాదలకోసం పోతారు. ఈయన తప్పులు దిద్దించుకోవడానికి పోయేవాడు. నేను ఇప్పుడు బతుకుతెరువుకు మాటలు అల్లుతున్నాను. అచ్చులో రెండు పదాల మధ్య జాగా పోయి కలిసిపోతే అందరికంటే ముందు నాకే కనబడుతుంది. ఆ చూపు మా ముందుగదిలో వచ్చిందే.

అయితే అన్నిటికంటే ఇష్టంగా గుర్తున్నది దసరా అయిపోయాక నాయిన మొదటిసారి డ్యూటీకి పోయివచ్చిన సాయంత్రం. పొద్దున చొక్కా గుండీలు తానే పెట్టుకుని పోయాడు. పగలంతా అవ్వ ఏ పనీ సరిగ్గా చేయలేదు. అమ్మ మిషను మీద కూర్చుంది గాని దారం ఎక్కించకుండానే కొంతసేపు తొక్కింది. బస్సు దిగి వచ్చే టైముకు అవ్వ మరిచిపోయి ముందుగదిలోనే నిలబడి ఉంది. నాయిన వాకిట్లోకి వచ్చాడు. చెయ్యి కొంచెం వాచింది. సూపర్‌వైజరు చెయ్యి ఇయ్యమని అడిగాడట, పట్టు ఎంతుందో చూద్దామని. మా నాయిన చెయ్యిచ్చాడు. ఆ మాటకు నేను విన్న ఒకే ఒక్క మంచి అర్థం అదే. సూపర్‌వైజరే ముందు చెయ్యి వెనక్కి తీసుకున్నాడట.

ఇదంతా తర్వాత చెప్పాడు. వాకిట్లో నిలబడి మొదట అన్నది ఒక్క మాట. అమ్మతో కాదు, నాతో కాదు. అవ్వను చూసి, "మిషన్ ఇచ్చిండ్రు అత్తమ్మా" అన్నాడు.

అవ్వ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమె గబుక్కున కొంగు నెత్తిమీదికి, ఆ తర్వాత మొహం మీదికి కూడా లాక్కుని గోడవైపు తిరిగింది. కాసేపు ఆమె భుజాలే కనబడ్డాయి. ఆ తర్వాత నన్ను పిలిచింది.

"పిల్లా, మస్తు సంతోషమైందని జెప్పు మీ నాయినకు."

నాయిన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అయినా నేను పోయి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాట విడివిడిగా, మధ్యలో జాగా వదిలి చెప్పాను. ఆయన పూర్తయ్యేదాకా ఆగి విన్నాడు. భుజాన సంచి దించి, వాచిన చేతిని ఒకసారి మూసి తెరిచి, అవ్వకు వినబడేటట్టే నాతో అన్నాడు.

"చాయ్ తాగి కూసుందామని జెప్పు, బిడ్డా. గా నెమలిది తోక ఏడ తప్పు పోయిందో జూడాలె."